128లో డప్పు లేదు

రాజోలిలో పగటిపూట మైకు తెరిచి పాట రికార్డు చేయాలంటే ముందు వీధంతా మగ్గాలు ఆపించాలి. గద్వాల చీరలు నేసే ఊరు. పక్కింట్లో నాడె పరుగు, ఎదురింట్లో అచ్చు దెబ్బ. గోడలు వాటిని ఆపవు, నేతగాళ్లను ఆపమనే హక్కు నాకు లేదు. అందుకే చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, మైకుతో పనిలేని వాయిద్యాలతో పాట కట్టడం మొదలుపెట్టాను. పాత ల్యాప్‌టాప్, రెండు స్థాయిల చిన్న కీబోర్డు, డబ్బు పెట్టక్కర్లేని వేవ్‌ఫామ్ ఫ్రీ అనే సాఫ్ట్‌వేర్. మొదలుపెట్టేవాడికి ఇంతకంటే అక్కర్లేదు.

కుర్రాళ్లు 'వీఎస్టీలు' అనే ఈ ప్లగిన్ వాయిద్యాలకు దారి వేసింది జర్మనీ కంపెనీ స్టైన్‌బర్గ్. 1996లో తమ క్యూబేస్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చినప్పుడు ఆ పద్ధతి రివర్బ్ లాంటి హంగులకే పనికొచ్చేది. 1999లో రెండో వెర్షన్ వచ్చాక సింథసైజర్లు, డ్రమ్ములు, వయొలిన్ గుంపులు కంప్యూటర్ లోపలికే వచ్చి కూర్చున్నాయి. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: యాపిల్ గ్యారేజ్‌బ్యాండ్ వీఎస్టీని తీసుకోదు, దానికి ఆడియో యూనిట్ రకమే కావాలి. ఇది తెలియక ప్లగిన్ పనిచేయట్లేదని తిట్టుకునేవాళ్లు చాలామంది.

కీ నొక్కినప్పుడు సాఫ్ట్‌వేర్‌లో నమోదయ్యేది శబ్దం కాదు. ఏ స్వరం, ఎప్పుడు, ఎంత బలంగా అన్న ఆజ్ఞ మాత్రమే. 1983 నుంచి ప్రపంచమంతా వాడుతున్న మిడి భాష అదే. జకార్డు అట్టలో పోగు ఉండనట్టే మిడిలో నాదం ఉండదు. ఆ అట్టకు ఏ పట్టు తగిలిస్తామన్నదే ప్లగిన్ ఎంపిక.

బలాన్ని 1 నుంచి 127 దాకా అంకెల్లో రాస్తుంది మిడి. మౌసుతో స్వరాలు గీస్తే అన్నీ ఒకే బలంతో పడతాయి. కొత్తవాళ్ల పాటలు ప్లాస్టిక్ బొమ్మల్లా వినిపించడానికి సగం కారణం ఇదే, ప్లగిన్ చవకదని కాదు. నేర్వనివాడైనా సరే, కీబోర్డు మీద వేళ్లతో వాయించాలంటాను. అప్పుడు ఇంకో తంటా వస్తుంది: కీ నొక్కాక శబ్దం ఆలస్యంగా రావడం. సెకనుకు 44,100 నమూనాల లెక్కన, శబ్దాన్ని కాసేపు నిలిపే బఫర్‌ను 1024 పెడితే ఆ ఒక్కచోటే 23 మిల్లీసెకన్లు పోతాయి. జోరు దరువులో అది చేతికి తెలిసిపోతుంది. 256కు దించితే ఆరు లోపు, కానీ పాత ల్యాప్‌టాప్ చిటపటలాడుతుంది. వాయించేటప్పుడు తేలికపాటి ప్లగిన్‌తో 256, మిక్సింగ్‌లో 1024. విండోస్ వాళ్లయితే ఆలస్యం తగ్గించే ఏషియో డ్రైవరు పెట్టుకోవాలి.

ఇవన్నీ సర్దుకుంటాయి. సర్దుకోనిది వాయిద్యాల జాబితా. ఏ కీబోర్డులోనైనా ఏ అంకెకు ఏ వాయిద్యం పలకాలో 1991లో జనరల్ మిడి పేరిట ఒక పట్టిక ఖాయం చేశారు. మొత్తం 128. అందులో మన దేశం నుంచి 105లో సితార్, 112లో షెహనాయి. జపాన్ తైకోకు చోటు దొరికింది, జపాన్ కోటోకూ దొరికింది. తబలా లేదు, మృదంగం లేదు. ఇక డప్పు సంగతి అడగాలా? ఇప్పటి ప్లగిన్లు ఆ పట్టికను ఎప్పుడో దాటాయి, స్వర్ సిస్టమ్స్ లాంటివాళ్లు మన వాయిద్యాలనే అమ్ముతున్నారు. అయినా ఉచితంగా మొదట చేతికందేది పియానో, స్ట్రింగ్స్, వెస్టర్న్ డ్రమ్ కిట్. మా నడిగడ్డ ప్రాంతపు పిల్లవాడు తీన్మార్ కట్టినా ఆ కిట్టు మీదే కడతాడు. ఏది అందితే పాట అటే ఒరుగుతుంది.

డప్పును నేనే పట్టుకుందామని, మగ్గాలు మొదలవకముందే తెల్లవారుజామున ఊరి బయట కూర్చున్నాం, నేనూ, డప్పు కొట్టే మామ. చితుకుల మంట వేసి తోలుకు సెగ చూపించాడు. సిర్రతో ఒక్క దెబ్బ కొట్టి ఆగమన్నాను, శబ్దం పూర్తిగా అణిగేదాకా.

"ఒక్క దెబ్బ కొట్టి ఊకుంటే అది డప్పెట్లయితది అల్లుడా?" అన్నాడు.

ఆ మాటలో నిజముంది. ఆయన చేతిలో ఏ దెబ్బా ఒంటరిది కాదు. సిటికెన పుల్ల అంచు మీద చిటుకుమంటూ వచ్చే దెబ్బకు దారి చూపుతూనే ఉంటుంది. ఆగి ఆగి కొట్టేసరికి తోలు చల్లబడి శ్రుతి దిగింది. మళ్లీ మంట, మళ్లీ దెబ్బలు. మొదటి విడతకూ తర్వాతి విడతకూ పొంతన లేదు. నేను రెండింటినీ ఉంచాను. ఒకే బలానికి వేర్వేరు దెబ్బలు వంతులవారీగా పలికేలా పెడితే ఆ తేడాయే మనిషి కొట్టినట్టు వినిపిస్తుంది. ఎస్‌ఎఫ్‌జెడ్ అనే ఫైలు నోట్‌ప్యాడ్‌లోనే రాసుకోవచ్చు: ఏ కీకి ఏ శబ్దం, ఎంత బలం నుంచి ఎంత బలం దాకా. స్ఫోర్జాండో అనే ఉచిత ప్లేయర్ దాన్ని చదివి వాయిద్యంగా మార్చేస్తుంది.

కిన్నెరకు ఈ కిటుకు సరిపోదు. కీబోర్డులో స్థాయికి పన్నెండు మెట్లు, నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట దర్శనం మొగులయ్య కిన్నెరకూ పన్నెండే. కానీ ఆ పన్నెండు చేత్తో అమర్చినవి, వాటి మధ్య దూరాలు ఏ పియానోనూ అడిగి పెట్టలేదు. పైగా ఆయన గొంతు, ఆయన కథ దానితోనే నడుస్తాయి. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా టైటిల్ పాటకు సంగీత దర్శకుడు తమన్ ఆయననే పిలిపించారు. తమన్ దగ్గర ఉండని ప్లగిన్ ఏముంటుంది చెప్పండి! మరుసటి ఏడాది మొగులయ్యకు పద్మశ్రీ వచ్చింది.

మామకు ఆ రోజు కూలి ఇచ్చాను. ఎంత ఇస్తే సరి అన్నది మాత్రం తేలలేదు. పెండ్లిలో కొడితే ఆ పూటతో అయిపోతుంది. ఇక్కడ ఒక పూట కొట్టింది ఎన్ని పాటల్లోనైనా మోగుతుంది. డీజే బాక్సులు వచ్చాక ఆయనకు పెండ్లి పిలుపులే తగ్గాయి. హెడ్‌ఫోన్లు పెట్టి నా వేళ్ల కింద ఆయన డప్పు వినిపిస్తే కాసేపు నవ్వాడు. "సెగ చూపకుండనే మోగుతుందే!" అని, తర్వాత ఒక షరతు పెట్టాడు: పాటల్లో ఎంతైనా వాడుకో, డీజే వాళ్లకు మాత్రం ఇయ్యొద్దు. ఒప్పుకున్నాను, ఇవ్వలేదు కూడా, అడిగినవాళ్లున్నా. అయితే పాటలో కలిసి బయటికెళ్లాక దాన్ని ఏ బరాత్‌లో ఏ డీజే మోగిస్తాడో ఆపడం నా చేతిలో లేదని ఆయనకు ముందే చెప్పాను.

"అది నాకెరుకే" అన్నాడు.