గండికోట ముంగిట పచ్చిక: ఉద్యాన గ్రంథములపై ఒక విమర్శ

ఇంటి ముందు పచ్చిక పెంచు విధానమును గూర్చి ఉద్యాన గ్రంథములలో సాధారణముగా ఒక అధ్యాయము ఉండును. నేలను త్రవ్వుట, చదును చేయుట, గడ్డి నాటుట, నీరు పెట్టుట, కత్తిరించుట అను పనులు ఆ అధ్యాయములో వరుసగా, చక్కగనే చెప్పబడును. చెప్పక విడిచినది ఒక్కటే: ఇది ఏ ఊరికి? ఈ లోపము చిన్నదిగా తోచవచ్చును. కాని కడప జిల్లాలోని గండికోట వంటి చోట ఆ అధ్యాయమును అక్షరాల ఆచరించిన గృహస్థునకు మొదటి వేసవిలోనే దాని బరువు తెలియును.

ఈ బోధకు ఒక చరిత్ర కలదు. లాన్ అని మనము వాడుకలో పిలుచు పచ్చిక బయలు ఇంగ్లండులోని భూస్వాముల తోటలలో పెరిగినది. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోయు యంత్రమును కనిపెట్టిన పిమ్మట అది సామాన్యుల ముంగిళ్లకు వచ్చినది. మన దేశములో 1860వ దశకమున ఫర్మింజర్ అను క్రైస్తవ మతాచార్యుడు తోటపనిపై వ్రాసిన గ్రంథము పేరు పొందినది. అది బంగాళమునకు, ఉత్తర హిందూస్థానమునకు ఉద్దేశింపబడినదని ఆయన గ్రంథనామములోనే తెలిపెను. తరువాతి ముద్రణలలో ఆ పేరు భారతదేశమంతటికి వర్తించునట్లు మారినది. రచయిత గీచుకొన్న హద్దు ఈ విధముగా చెరిగిపోయినది. కలకత్తాలో ఏటా 1,600 మిల్లీమీటర్లకు మించి వర్షము కురియును. కడప జిల్లా సగటు సుమారు 700 మిల్లీమీటర్లు మాత్రమే.

అయితే వర్షము తక్కువ అన్న ఒక్క మాటతో విషయము తీరదు. లండను నగరములో ఏటా కురియు వర్షము సుమారు 600 మిల్లీమీటర్లు. అనగా కడప కంటె తక్కువ! అయినను అక్కడ గడ్డి పచ్చగా నుండును. కారణమేమి? అక్కడ వర్షము పన్నెండు నెలలకు పంచినట్లు కురియును. చల్లని గాలిలో నీరు మెల్లగా ఆవిరియగును. మనకు వర్షములో అధిక భాగము జూన్ నుండి నవంబరు వరకే కురిసి ఆగిపోవును. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటును. కావున పచ్చికకు ముఖ్యము ఎంత కురిసినదన్నది కాదు. కురిసినదానికి, ఆవిరియైనదానికి గల భేదము. ఈ భేదమును లెక్కింపని గ్రంథము ఎంత అందముగా వ్రాయబడినను రాయలసీమకు పనికిరాదు.

లెక్క కష్టమైనదేమియు కాదు. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు నీరు నిలిచిన అది ఒక లీటరు. ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ 1998లో వెలువరించిన నీటి లెక్కల గ్రంథము ప్రకారము, వేడి ప్రదేశపు పచ్చికకు వాతావరణము కోరు నీటిలో 0.85 వంతు అవసరము. వేసవిలో ఆ కోరిక రోజుకు 6 మిల్లీమీటర్లనుకొన్నచో పచ్చికకు సుమారు 5 మిల్లీమీటర్లు కావలెను. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల పచ్చికకు ఇది రోజుకు 500 లీటర్లు. 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషన్ గ్రామములలో మనిషికి రోజుకు 55 లీటర్లు లక్ష్యముగా నిర్ణయించినది. అనగా ఆ ముంగిలి తొమ్మిదిమంది నీటిని త్రాగుచున్నది. నిత్యము నీరు పెట్టుడని తేలికగా వ్రాయు రచయిత ఈ అంకెను ప్రక్కన వ్రాయవలసియున్నది.

గండికోట వద్ద పెన్నపై ఇప్పుడు పెద్ద జలాశయము కలదు గదా అని కొందరనవచ్చును. అది గాలేరు-నగరి పథకములో భాగముగా మెట్ట పొలముల కొరకు నిర్మింపబడినది. దాని నీటిని వేసవిలో ముంగిళ్లకు పోయుట న్యాయము కాదు. పూర్వులు సైతము, క్రింద పెన్న పారుచున్నను, కోటలోపల కోనేరు త్రవ్వి నీటిని పొదుపు చేసికొనిరి.

గడ్డి విషయములోను ఇదే పొరపాటు. ఫెస్క్యూ, రై వంటి సీమగడ్డులు 15 నుండి 24 డిగ్రీల వేడిలో చక్కగా పెరుగును. మన గరికకు 30 డిగ్రీలు దాటిన వేడియే హితవు. 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అను శాస్త్రజ్ఞులు చెరకు ఆకుపై పరిశోధించి వివరించిన కిరణజన్య సంయోగ మార్గమే గరికలోను జరుగును. ఈ మార్గము గల మొక్కలు తక్కువ నీటితో ఎక్కువ ఆహారమును తయారుచేసికొనును. వినాయక చవితినాడు పూజకు కోసితెచ్చు గరికను, పొలములో కలుపుగా రైతు తవ్విపోయు గరికను పచ్చికగా ఎంచుకొనుటకు సంకోచమెందుకు? రైతును విసిగించు దాని మొండితనమే గృహస్థునకు లాభము. దానికున్న లోపము ఒక్కటే: వేపచెట్టు నీడలో అది పెరగదు.

ఇక నేల. గండికోట కొండ క్వార్ట్‌జైటు శిల. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ శిలాస్తరమునకు గండికోట పేరే పెట్టిరి. దానిపై మట్టి పలుచన; నీరు నిలువదు. అక్కడ చివికిన పశువుల ఎరువుతో మట్టిని మందముగా పరచవలెను. దిగువన జమ్మలమడుగు ప్రాంతమున నల్లరేగడి కలదు. అది తడిసిన ఉబ్బును, ఎండిన బీటలువారును. అక్కడ నీరు జారిపోవుటకు కొద్ది వాలు అవసరము. సున్నపు పాలు అధికమైన నల్లనేలలో ఇనుము ఉన్నను వేరుకు అందదు, ఆకు పసుపుబారును. దీనిని నీటి కొరత యని భ్రమించి మరింత నీరు పోసినచో వ్యాధి ముదురును. రెండు నేలలకు ఒకే చికిత్స చెప్పు అధ్యాయము వైద్యము కాదు.

పచ్చికయే వద్దని మా వాదము కాదు. అది దుమ్మును అణచును, మట్టిని పట్టియుంచును, ముంగిలిని చల్లబరచును. విస్తీర్ణమును తగ్గించి, తొలకరిలో గరిక వేరుముక్కలను నాటి, మూడు నాలుగు సెంటీమీటర్ల ఎత్తు ఉంచి కోసి, నీటిని అరుదుగా, లోతుగా దిగునట్లు పెట్టిన చాలును. వేసవిలో అది గోధుమవన్నెకు మారిన భయపడనక్కరలేదు. పైన ఆకు ఎండినను భూమిలోని కాండము నిద్రించుచుండును. తొలకరి తడికి మరల చిగుర్చును. ఈ నిద్రను మరణముగా భావించుటయే ఆ గ్రంథములు నేర్పిన పెద్ద పొరపాటు.

ఈ మాటను పరీక్షింపగోరు ఉపాధ్యాయులు పాఠశాల ఆవరణలో రెండు మడులలో గరిక నాటించవలెను. వేసవిలో ఒక దానికి నిత్యము, రెండవదానికి పదిదినములకొకసారి నీరు పెట్టించవలెను. ప్రక్కన నిలువు అంచుల వెడల్పు పాత్రలో నీరుంచి, రోజుకు ఎన్ని మిల్లీమీటర్లు తగ్గినదో విద్యార్థులచే కొలిపించవలెను. జూలైలో ఆ రెండు మడులను, నీటి ఖర్చు పట్టికను ప్రక్కప్రక్కన ఉంచి చూచిన విద్యార్థి, గండికోట పచ్చికను గూర్చి ఏ పొరుగు దేశపు గ్రంథమును అడుగనక్కరలేదు.