మూడు పులులు, పదిహేను మేకలు, ఒక లాంచీ

మా బేగంపేట పిల్లలకి పడవంటే హుస్సేన్‌సాగరే. లుంబినీ పార్కు దగ్గర ఎక్కి, బుద్ధుడి విగ్రహం దాకా వెళ్ళొచ్చి దిగితే అయిపోయింది. విసుగు పుట్టేంత సేపు కూడా పట్టదు. అదే నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కి శ్రీశైలం వెళ్దామంటే సుమారు 110 కిలోమీటర్లు, ఐదారు గంటలు నీళ్ళ మీదే ఉండాలి.

గ్రీన్‌ల్యాండ్స్‌లో టూరిజం ప్లాజా మాకు దగ్గర. దసరా వస్తోందంటే ఇరుగుపొరుగు నన్నే అడుగుతారు, "లాంచీలు మొదలయ్యాయా అండీ?" అని. సాగర్ బాగా నిండితే తప్ప అవి కదలవు కాబట్టి వేసవి సెలవుల మీద ఆశ వదులుకోవాల్సిందే. దసరా సెలవులో, కార్తీకమాసపు ఆదివారాలో చూసుకోవాలి. ఇంట్లో నాలుగేళ్ళది, తొమ్మిదేళ్ళది, పద్నాలుగేళ్ళవాడు ఉంటే అంతసేపు ముగ్గురినీ కూర్చోబెట్టేదెట్లా అని మాత్రం ఎవరూ అడగరు. లాంచీ బయల్దేరిన అరగంటకి అందరికీ ఒకేసారి గుర్తొస్తుంది.

పెద్ద ఓడలవాళ్ళు దీనికి ఎప్పుడో ఏర్పాటు చేశారు. 2022 జూన్‌లో విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు క్రూయిజ్ నడిచాక మన ఇళ్ళలోనూ ఆ కబుర్లు వినిపిస్తున్నాయి. చాలా ఓడల్లో మూడేళ్ళు నిండినవాళ్ళకో గది, బడి పిల్లలకో గది, మీసాలొస్తున్నవాళ్ళకి మరోటి. ఏడాదికోసారి కలిసే పిన్ని పిల్లల్నీ పెద్దమ్మ పిల్లల్నీ డబ్బు కట్టి మరీ విడదీయడం నాకు మింగుడుపడదు. పద్నాలుగేళ్ళవాడికి పెద్దవాళ్ళ కళ్ళ నుంచి తప్పించుకునే చోటొకటి కావాలన్న సంగతి మాత్రం వాళ్ళు బాగా పట్టుకున్నారు.

లాంచీలో గదులుండవు. పరుగులాటలు నేను అసలు రానివ్వను. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలకి వెళ్తున్న పడవ కచ్చులూరు దగ్గర మునిగి యాభై మంది దాకా పోయాక, లైఫ్ జాకెట్ దగ్గర బతిమాలడం, లంచాలివ్వడం మానేశాను. ఏడ్చినా సరే, వేసుకోవాలి. కాబట్టి కూర్చుని ఆడేవే ఆడాలి. పేకముక్కలు గాలికి ఎగిరిపోతాయి. ఫోను ఆటలకి దారిలోని నల్లమల అడవిలో సిగ్నల్ ఉండదు, అదొక అదృష్టం.

నా సంచిలో పాత దుప్పటి ముక్కొకటి ఉంటుంది. దాని మీద మార్కర్‌తో గీసిన పులి-మేక గళ్ళు, కాస్త బరువున్న గులకరాళ్ళు. ఈ ఆటలో మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీద నుంచి దూకి చంపుతుంది, మేకలు గుంపుగా కదిలి పులిని కదలనివ్వకుండా కట్టేస్తాయి. పులులు మా పెద్ద మనవడికి ఇస్తాను. మేకలు తొమ్మిదేళ్ళదానివి, నావి. ఒంటరిగా వాణ్ణి ఓడించలేమని దానికి రెండో మేక పోగానే అర్థమై, నా చెవిలో ఎత్తులు చెప్పడం మొదలుపెడుతుంది. చిన్నదానికి ఆట ఒక్క ముక్క తెలియదు. చచ్చిన మేకలన్నీ దాని డబ్బాలోకి వెళ్తాయి, లెక్క అదే చెప్పాలి. ఎవరైనా ఒక రాయి దొంగిలించబోతే అరిచి లాంచీ అంతా ఏకం చేస్తుంది. ఎవరి వయసుకి తగ్గ ఆట వాళ్ళకిస్తే అరగంటకోసారి కొత్తది వెతుక్కోవాలి. ఒకే ఆటలో తలా ఒక పని ఇస్తే వాళ్ళే సాగదీస్తారు.

పెద్దవాడికి చిన్నవాళ్ళని చూసుకునే పని మాత్రం అప్పజెప్పకండి. అది పనిలా కాదు, శిక్షలా వినిపిస్తుంది. కాగితం మ్యాపు ఇవ్వండి. శ్రీశైలం వైపు సాగుతుంటే కుడిచేతి ఒడ్డు తెలంగాణ, అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఎడమచేతి ఒడ్డు ఆంధ్రప్రదేశ్, అటూ పులుల అడవే. 2014 తర్వాత ఈ నీళ్ళ మీదే రాష్ట్రం మారుతుంది. "ఇప్పుడు మనం ఏ రాష్ట్రంలో ఉన్నాంరా అన్నయ్యా?" అని తొమ్మిదేళ్ళది అడుగుతుంటే, వాడు కళ్ళు చిట్లించి మ్యాపు చూసి తీర్పు చెబుతుంటాడు.

నాగార్జునకొండ దాటేటప్పుడు ఆట ఆపిస్తాను. డ్యాము నీళ్ళు రాకముందు, 1954 నుంచి 1960 దాకా ఆ లోయలో తవ్వకాలు జరిగాయి. ఇక్ష్వాకుల విజయపురి బయటపడింది. కొన్ని కట్టడాల్ని విప్పి తెచ్చి కొండ మీదా, అనుపులోనూ మళ్ళీ కట్టారు. మిగతా లోయంతా నీళ్ళ కింద.

"అయితే అమ్మమ్మా, మనం వాళ్ళ ఇళ్ళ మీద నుంచి పోతున్నామా?" అంది తొమ్మిదేళ్ళది.

అవునన్నాను. ఆ తర్వాత చాలాసేపు అది రెయిలింగ్ వదల్లేదు. చిన్నది మాత్రం, "పులి ఎప్పుడొస్తుంది?" అని ఒకటే పాట. రాదని చెప్పేస్తేనే మంచిది. పుట్టిలో వల వేసే మనిషినీ, రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకినీ చూపించి, వాటినీ లెక్కపెట్టమంటే డబ్బా పక్కన పెట్టి అటు తిరిగింది.

భోజనాలయ్యాక ఒక గంట ఏమీ పెట్టను. పెద్దవాడు ఎక్కడో మూల చేరి గుట్టల్ని చూస్తూ కూర్చుంటాడు. పిలవను. ఓడవాళ్ళు కట్టిన గది వాడికి అదే.

లింగాలగట్టులో దిగాక తిరుగు ప్రయాణం బస్సులో, మన్ననూరు మీదుగా. ఆ ఘాట్ మలుపులకి నా సంచిలో ఆటలేమీ ఉండవు. నిమ్మకాయలు, పాలిథిన్ కవర్లు ఉంటాయి.