పసిపిల్లల వైద్యంలో ఆంటీబయాటిక్కులు: ‘అవేర్’ గ్రంథ పరిశీలన

పసిపిల్లలకు వచ్చే జలుబు, దగ్గు, గొంతునొప్పి, నీళ్ల విరేచనాలలో అధికభాగం వైరస్‌ల వల్ల కలిగేవే. ఆంటీబయాటిక్కులు బాక్టీరియాను అణచగలవు గాని వైరస్‌లను ఏమీ చేయలేవు. ఈ సంగతి ఇంటర్మీడియెట్ విద్యార్థికి సైతం తెలుసు. అయినా మందుల చీటీలో ఆంటీబయాటిక్ లేకపోతే అది వైద్యమే కాదనే భావం మనలో నాటుకుపోయింది. ఈ భావానికి శాస్త్రరీత్యా సమాధానం చెప్పదలచిన పుస్తకం ‘అవేర్ ఆంటీబయాటిక్ బుక్’. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని 2022 డిసెంబరులో ప్రకటించింది. పిల్లలకూ పెద్దలకూ తరచుగా వచ్చే ముప్పయికి పైబడిన జబ్బులకు ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని రోజులు అనే విషయాలు ఇందులో ఉన్నవి. పిల్లలకు సంబంధించిన భాగాన్ని మాత్రమే ఇక్కడ పరిశీలిద్దాం.

ముందుగా పేరు సంగతి. ఆంటీబయాటిక్కులను ఈ సంస్థ 2017లో మూడు తరగతులుగా విభజించింది. మొదటిది ‘యాక్సెస్’, అంటే అందరికీ అందుబాటులో ఉండవలసినవి. రెండవది ‘వాచ్’, అంటే కనిపెట్టి వాడవలసినవి. మూడవది ‘రిజర్వ్’, అంటే మరేదీ పని చేయనప్పటి కోసం దాచుకోవలసినవి. ఈ మూడు మాటల అక్షరాలు కలిసి ‘అవేర్’ అయినవి. అమాక్సిసిలిన్ మొదటి తరగతిలోనిది. అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ రెండవ తరగతిలోనివి. 2019లో మన దేశపు ప్రైవేటు రంగంలో అమ్ముడైన ఆంటీబయాటిక్కులను లెక్కకట్టి, 2022లో వెలువరించిన ఒక పరిశోధన ప్రకారం మొదటి స్థానం అజిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాముల మాత్రది, రెండవ స్థానం సెఫిక్సిమ్ 200 మిల్లీగ్రాముల మాత్రది. అవి పెద్దల మాత్రలే. కాని ఆ రెండు మందులకూ పిల్లల సీసాలు మన దుకాణాలలో సులువుగా దొరుకుతాయి.

ఈ గ్రంథపు మేలైన గుణం ఏమంటే, ‘ఆంటీబయాటిక్ వద్దు’ అన్నమాటను కూడా ఒక చికిత్సగా రాసింది. శ్వాసనాళాలు వాచి వచ్చే దగ్గుకు ఆంటీబయాటిక్ అక్కరలేదనీ, ఆ దగ్గు సాధారణంగా 10 నుండి 20 రోజులు ఉంటుందనీ చెప్పింది. నీళ్ల విరేచనాలకు ఓ.ఆర్.ఎస్. ద్రావణం, జింకు ముఖ్యమనీ, రక్తం పడే తీవ్రమైన విరేచనాలలోనే ఆంటీబయాటిక్ ఆలోచించాలనీ చెప్పింది. చెవిపోటు తీవ్రంగా లేని పిల్లలలో చాలామందికి నొప్పి తగ్గించే మందిచ్చి కనిపెట్టి చూడవచ్చు. రెండేండ్లలోపు బిడ్డకు రెండు చెవులూ వాచినపుడు సంగతి వేరు.

అక్కరలేని మందు ఊరక వ్యర్థమై పోదు. అది బిడ్డ పేగులలోని హానిలేని బాక్టీరియాపై పడుతుంది. వాటిలో మందుకు లొంగేవి చస్తాయి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. లొంగకపోవడానికి కారణమైన జన్యువులు ఒక బాక్టీరియా నుండి మరొకదానికి పోగలవు గనుక, ఆ శక్తి రేపు రోగం తెచ్చే జాతికి సంక్రమించవచ్చు. అప్పుడు నష్టపోయేది నిజంగా మందు అవసరమైన బిడ్డ. రక్తంలో విషక్రిములు చేరిన పురిటి బిడ్డ.

అయితే ‘వద్దు’ అనడంలోనే ఈ గ్రంథం ఆగలేదు. న్యుమోనియాకు అమాక్సిసిలిన్ ఆలస్యం లేకుండా ఇవ్వాలన్నది. రెండు నెలలు నిండి ఏడాది నిండని బిడ్డ నిమిషానికి 50 సార్లు గాని అంతకు మించి గాని, ఏడాది నుండి ఐదేండ్లలోపు బిడ్డ 40 సార్లు గాని అంతకు మించి గాని ఊపిరి తీస్తే అది ప్రమాద సూచన. డొక్కలు ఎగరవేయకపోతే, ఎయిడ్స్ వైరస్ వ్యాప్తి తక్కువగా ఉన్న ప్రాంతాలలో మూడు రోజుల మందు చాలు. డొక్కలు ఎగరవేస్తుంటే ఐదు రోజులు. ఎక్కువ రోజులు వాడితే ఎక్కువ మేలనే అపోహను ఇది తొలగిస్తుంది.

ఇక లోపాలు. మొదటిది తరగతుల పేర్లలోనే ఉన్నది. ఆ విభజన మందు బలాన్ని బట్టి చేసినది కాదు. లొంగని బాక్టీరియా పుట్టే ప్రమాదాన్ని బట్టి చేసినది. కాని మొదటి, రెండవ, మూడవ తరగతులనగానే సామాన్యునికి మొదటిది నాసిరకం మందనీ, మూడవది ఘనమైనదనీ తోస్తుంది. ఆ తప్పు అర్థం పాతుకుంటే, ‘పెద్ద మందు రాయండి’ అని అడిగే తండ్రికి ఈ విభజనే ఆయుధమవుతుంది. న్యుమోనియాకు అమాక్సిసిలిన్ చిన్న మందు కాదు, తగిన మందు.

రెండవది గొంతునొప్పి అధ్యాయం. జ్వరం, మెడ గ్రంథుల వాపు, టాన్సిళ్లపై చీము, దగ్గు లేకపోవడం అనే నాలుగు గుర్తులను లెక్కించి నిర్ణయించే సెంటర్ పద్ధతిని ఇది ఉపయోగించింది. అది 1981లో అమెరికాలో పెద్దవారిని పరీక్షించి తయారు చేసినది. మన గ్రామాల పిల్లలకు దానిని యథాతథంగా అన్వయించలేము. కీళ్లవాతపు జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడిపోయే ప్రమాదం మనకు ఇంకా ఉన్నది. అటువంటి ప్రాంతాలలో 10 రోజుల చికిత్స అవసరమని గ్రంథమే చెప్పింది. కాబట్టి ‘గొంతునొప్పికి మందు వద్దు’ అనే సగం వాక్యాన్ని పట్టుకొని పోవడం ప్రమాదకరం.

మూడవ లోపం అన్నిటికంటె పెద్దది. ఈ గ్రంథం మందు రాసేవారిని ఉద్దేశించినది. మన దేశంలో బిడ్డకు మందు నిర్ణయించేవారు ముగ్గురు: వైద్యుడు, దుకాణదారు, తల్లి. సెఫిక్సిమ్ వంటి మందుల అమ్మకాన్ని రోగి పేరు, వైద్యుని పేరుతో పుస్తకంలో రాసి మూడేండ్లు భద్రపరచాలని 2014 మార్చి 1 నుండి నియమం ఉన్నది. కాని కిందటి నెల మిగిలిన సీసాను తమ్ముడికి పట్టే ఇంట్లో ఏ పుస్తకమూ ఉండదు. వైద్యుడు మందు రాయకుండా పంపినపుడు తల్లికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఆ ఏదో ఒకటి మాటే కావాలి: దగ్గు ఎన్నాళ్లుంటుంది, బిడ్డ పాలు తాగకపోతే, మత్తుగా పడి ఉంటే, ఎగశ్వాస పడితే, డొక్కలు ఎగరవేస్తే ఎప్పుడు మళ్లీ తీసుకురావాలి అనే మాట. అది ఆమె భాషలో, ఆమెకు అర్థమయ్యే గుర్తులతో ఉండాలి. అది లేని ‘వద్దు’ ఆమెకు నిరాకరణగానే వినిపిస్తుంది. ఆమె నేరుగా దుకాణానికి పోతుంది.

2030 నాటికి ప్రపంచంలో వాడే ఆంటీబయాటిక్కులలో 70 శాతం మొదటి తరగతివై ఉండాలని 2024 సెప్టెంబరులో ఐక్యరాజ్య సమితి సభ్యదేశాలు తీర్మానించినవి. ఆ లెక్క మందుల చీటీలలో తేలుతుంది గాని, దాని సాధన చీటీకి ముందు జరిగే సంభాషణలో ఉన్నది. వైద్యుని బల్లమీద ఉండదగిన గ్రంథమిది. దానితోపాటు తల్లి చేతిలో పెట్టదగిన ఒక్క తెలుగు పుట కూడా మనం తయారు చేసుకోవలసి ఉన్నది.