పద్యం బతికింది, పాట ఏమైంది?

కృష్ణా డెల్టాలో ఏ ఊళ్లోనైనా అరవై దాటిన పెద్దాయన్ని పలకరించి నాటకాల మాట ఎత్తండి. పాండవోద్యోగ విజయాల్లోని రాయబారం పద్యం ఒక్కటైనా అందుకుంటాడు. గొంతు సహకరించకపోయినా ఎత్తుగడ తప్పదు, విరుపు తప్పదు. అదే పెద్దాయన్ని ఆనాటి నాటకాల్లో రాధ పాడిన పాటో, చిత్రాంగి పాడిన పాటో, చింతామణి పాడిన పాటో ఒకటి వినిపించమంటే ఆగిపోతాడు. గుర్తున్నది ఒక్క 'మీరజాలగలడా'. అదైనా గుర్తున్నది నాటకం వల్ల కాదు. 1966లో వచ్చిన 'శ్రీకృష్ణ తులాభారం' సినిమాలో పెండ్యాల సంగీతంతో పి. సుశీల పాడబట్టి గుర్తుంది.

తెలుగు రంగస్థలం పద్యాన్ని కళ్లకద్దుకుని దాచుకుంది. పాటను మాత్రం చేజార్చుకుంది. పద్యానికి ఇప్పటికీ పోటీలున్నాయి, పరిషత్తులున్నాయి, క్యాసెట్ల కాలం నుంచి వస్తున్న అభిమానులున్నారు. పాటకు ఎవరూ లేరు. ఒక మంచి గాయని పూనుకుని, మరుగున పడ్డ నాటకం పాటలను పది పన్నెండు ఏరి, శ్రద్ధగా పాడి ఒక ఆల్బమ్‌గా తేవాలని నాకు చాలాకాలంగా కోరిక. ఆ పని ఎందుకు చేయదగ్గదో, ఎంత కష్టమో చెప్పాలనే ఈ వ్యాసం.

విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం రింగు దగ్గర నిలబడితే ఒక దారి హైదరాబాదుకు పోతుంది, ఒక దారి ఉత్తరంగా కొండపల్లి మీదుగా మైలవరం పోతుంది. తెలుగు నాటక సంగీతం గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండో దారినే పట్టుకోవాలి. ఇరవై పైచిలుకు కిలోమీటర్ల అవతల మైలవరంలో, సూరానేని వారి జమీందారీ అండతో, 1910ల్లో బాలభారతి నాటక సమాజం నడిచింది. జనం నోట అది మైలవరం కంపెనీ. నటులకు జీతాలిచ్చి, తెరలు రాయించి, హార్మోనిస్టుల చేత కొత్త బాణీలు కట్టించి ఊరూరా ఆడిన సమాజం. కపిలవాయి రామనాథశాస్త్రి పేరు ఈ కంపెనీతోనే ముడిపడి ఉంది. ఆయన పద్యం చదివే తీరును జనం కపిలవాయి బాణీ అన్నారు. ఆయన గ్రామఫోను రికార్డులు ఇల్లిల్లూ తిరిగాయి. ఈ దారిన ఇప్పుడు థర్మల్ స్టేషన్‌కు పోయే లారీల మోత తప్ప మరొకటి వినపడదు. మైలవరం కంపెనీ పాటలు ఎలా ఉండేవని అడిగితే చెప్పేవాళ్లు ఆ ఊళ్లోనే అరుదు.

పాట నాటకంలోకి ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 1880 ప్రాంతంలో ధార్వాడ కంపెనీ వాళ్లు కోస్తా ఊళ్లలో హిందూస్తానీ నాటకాలు ఆడారు. ఆ వెనక పార్సీ కంపెనీలు వచ్చాయి. వాటి పాటలు చిన్నచిన్న పాదాలుగా ఉండేవి, తాళం గట్టిగా పలికేది, పల్లవి ఒక్కసారి వింటే పట్టుబడేది. మన నాటక కర్తలు ఆ వరసలు పట్టుకుని తెలుగు మాటలు కూర్చారు. బళ్ళారిలో సరస వినోదిని సభ పెట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకంలో పాటకు, పద్యగానానికి స్థిరమైన చోటు ఇచ్చారు. ఆనాటి నాటకం పుస్తకాలు తిరగేస్తే పాట నెత్తిన రాగం, తాళం పేర్లుంటాయి. చాలాచోట్ల అవీ ఉండవు. ఫలానా పాట మట్టు అని ఒక్క ముక్క ఉంటుంది. అంటే ఆ పాట వరసలో దీన్ని పాడుకోమని. ఆ రోజున ఆ ముక్క చాలు, ఎందుకంటే ఆ వరస బజారులో అందరికీ వచ్చు. ఇవాళ ఆ మాతృకే దొరకదు. పుస్తకంలో మాట ఉంది, మట్టు పేరు ఉంది, వరస మాత్రం గాలిలో కలిసింది.

పద్యానికి ఈ చిక్కు లేదు. ఉత్పలమాలకో మత్తేభానికో నడక ఛందస్సులోనే ఉంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పద్యమే చెబుతుంది. తాళం అక్కర్లేదు. నటుడు శ్రుతి అందుకుని, మొదటి రెండు పాదాలు మాటలు విడివిడిగా వినబడేలా చదివి, నాలుగో పాదం చివర రాగం విప్పుకుంటాడు. రాగం మారినా పద్యానికి ప్రాణహాని లేదు. ఒకే పద్యాన్ని ఒకరు మోహనలో ఎత్తుకుంటే మరొకరు కానడలో ఎత్తుకుంటారు. అందుకే పద్యం ఒక నటుడి నుంచి మరొకడికి సులువుగా దాటింది. కాంట్రాక్టు నాటకాల్లో ఒక్క రాత్రికి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని ముగ్గురు దిగినా కథ నడిచిపోయింది. పద్యానికి ఎంత ఒడుపుందంటే, బలిజేపల్లి లక్ష్మీకాంత కవి గారి హరిశ్చంద్ర నాటకంలో కాటి సీనుకు గుర్రం జాషువా గారి శ్మశానవాటి పద్యాలు వచ్చి చేరి, నాటకంలోవే అన్నంతగా కలిసిపోయాయి. పీసపాటి నరసింహమూర్తి గారు రాగాన్ని అదుపులో పెట్టి అర్థాన్ని ముందుకు తెచ్చినా జనం నీరాజనం పట్టారు. ఈలపాట రఘురామయ్య గారు రాగాన్ని ఈలలో ఎగరేసినా పట్టారు.

పాట అలా లొంగదు. దానికి వరస ఒకటే, తాళం ఒకటే. వాటిని తెలిసిన మనిషి పోతే పాటా పోతుంది. పైగా పాటలో ఎక్కువ భాగం ఆడపాత్రలది. ఆ పాత్రలు చాలాకాలం మగవాళ్లే వేశారు. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు గారు తెనాలి రామవిలాస సభ నాటకాల్లో సత్యభామగా, చిత్రాంగిగా, రోషనారగా, మధురవాణిగా ప్రేక్షకులను మైమరపించారు. ముత్తరాజు సుబ్బారావు గారి 'శ్రీకృష్ణ తులాభారం' ఆడుతున్న రోజుల్లో సత్యభామకు తగిన పాట కావాలనిపించి 'మీరజాలగలడా' స్వయంగా రాసుకున్నారు. మాట, ఆట, పాట ముగ్గురి పని అయితే ఆ పాట అలా పుట్టేది కాదని నా నమ్మకం. ఎక్కడ తల తిప్పాలో, ఎక్కడ నడక ఆపాలో తెలిసినవాడు రాసుకున్న పాట అది. ఆ పల్లవికి వచ్చినప్పుడల్లా ఆయన వేరే భావం పట్టేవారని చూసినవాళ్లు రాశారు. ఒకసారి గర్వం, ఒకసారి అలక, ఒకసారి లోలోపల చిన్న భయం.

ఈ పద్ధతి ఆకాశం నుంచి ఊడిపడలేదు. మువ్వ, కూచిపూడి పక్కపక్కనే ఉన్న కృష్ణా డెల్టా ఇది. ఒక్క పంక్తిని పదిసార్లు పాడుతూ పది రకాలుగా అభినయించడం క్షేత్రయ్య పదం నేర్పిన విద్య. మగవాడు జడ వేసుకుని సత్యభామై నిలవడం భామాకలాపం నేర్పిన విద్య. పార్సీ వరసలోకి ఈ రెండూ వచ్చి చేరాయి. నాటకం పాటను బజారు పాటగా కొట్టిపారేసిన విద్వాంసులు ఈ సంగతి గమనించలేదనుకుంటాను. నటుడు బళ్ళారి రాఘవ గారు నాటకంలో సంగీతం మితిమీరడాన్ని ఎదిరించారు. ఆయన కోపంలో న్యాయం ఉంది. చనిపోతున్న పాత్ర కూడా రాగాలాపన చేస్తుంటే ఎవరికైనా విసుగే. మితిమీరిన పాటకు పడ్డ దెబ్బ మంచి పాటకూ తగలడమే మనకు జరిగిన నష్టం.

ఇక పాడే మెళకువల సంగతి. హార్మోనియం మెట్ల మీద స్వరాలు నిలిచి ఉంటాయి, గమకం పలకదు. అందుకే నాటకం పాటలకు మోహన, కాఫీ, బేహాగ్, హంసధ్వని లాంటి రాగాలు బాగా అమిరాయి. గాయని గమకాలు దట్టిస్తే కచ్చేరీ అవుతుంది, నాటకం కాదు. స్వరాన్ని సూటిగా, నిబ్బరంగా నిలపాలి. రెండోది, పరాయి వరసలో తెలుగు మాట కూర్చినప్పుడు హ్రస్వం మీద స్వరం సాగే ప్రమాదం ఉంటుంది. సాగితే మాట అర్థమే మారిపోతుంది. మంచి రంగస్థల గాయకులు ఆ అక్షరాన్ని చటుక్కున అనేసి, మిగిలిన స్వరాన్ని ముందున్న దీర్ఘం మీదికో, మాట చివరి అచ్చు మీదికో నెట్టేవారు. మన మాటల్లో ఎక్కువ అచ్చుతో ముగియడం ఇక్కడ పెద్ద ఆస్తి. మూడోది గొంతు విసురు. మైకు లేని రోజుల్లో పందిరి చివర కూర్చున్నవాడికి మాట చేరాలి. పడమటి దేశాల ఆపెరాలో సొప్రానో గాయని వాద్యబృందం హోరును దాటుకుని గొంతు వినిపిస్తుంది. మనవాళ్లు కిట్సన్ లైట్ల కింద పెద్ద జనసమ్మర్దాన్ని దాటించారు. అందుకే పాత రికార్డుల్లో ఆ పై శ్రుతి, ఆ కంచుమోత. ఈ కాలపు గాయని మైకుకు దగ్గరగా గుసగుసలాడితే ఆ పాటలు నిలబడవు.

రికార్డుల్లోనూ ఒక మెలిక ఉంది. పది అంగుళాల 78 ఆర్‌పీఎం రికార్డు మీద ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలకు మించి పట్టదు. స్టేజీ మీద పావుగంట పాడిన పాటను అందులోకి కుదించారు. పల్లవి మీద అభినయం, వన్స్ మోర్‌లు, మధ్యలో మాటలు అన్నీ రాలిపోయాయి. కాబట్టి రికార్డును అచ్చంగా అనుకరిస్తే పాట అస్థిపంజరమే చేతికొస్తుంది. పైగా ఆ కాలపు రికార్డులన్నీ సరిగ్గా 78 వేగంతోనే ముద్రించినవి కావు. వేగం కాస్త తేడాగా తిప్పితే శ్రుతీ, కాలమూ రెండూ మారిపోతాయి. గాయకుడు ఏ శ్రుతిలో పాడాడో తేల్చాలంటే వెనక ఉన్న హార్మోనియం శ్రుతితో సరిచూసుకుంటూ వేగం దిద్దుకోవాలి. ఓపిక ఉన్న సౌండ్ ఇంజనీరు పని ఇది. మొదలి నాగభూషణశర్మ గారు 'తొలినాటి గ్రామఫోన్ గాయకులు' పుస్తకంతో దారి చూపించారు. ఎవరెవరు పాడారో ఇప్పుడు వెతుక్కోవచ్చు. తిరిగి పాడే పని మాత్రం అలాగే ఉండిపోయింది.

పాట ఎందుకు పోయిందంటే జవాబులో సగం సినిమా. మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలైంది. ధర్మవరం వారి నాటకం ఆధారం, నటులు సురభి నాటక సమాజం వారు. 1935లో వచ్చిన 'శ్రీకృష్ణ తులాభారం'లో బెజవాడలో పుట్టిన ఋష్యేంద్రమణి సత్యభామ. మొదట్లో సినిమా నాటకం పాటనే మోసింది. పదేళ్లు తిరక్కుండా సొంత పాట తయారు చేసుకుని దీన్ని దింపేసింది. మిగతా సగంలో రేడియోకూ పాత్ర ఉంది. ఆకాశవాణి 1940 మార్చి నుంచి 1971 దాకా హార్మోనియాన్ని నిషేధించింది. విజయవాడ కేంద్రం మొదలైంది 1948 డిసెంబరు 1న. అంటే, నాటకాల గడ్డ మీద వెలసిన కేంద్రం తొలి ఇరవై రెండేళ్లూ నాటకం పాటకు పుట్టుక నుంచి తోడున్న వాద్యాన్ని గుమ్మం బయటే నిలబెట్టింది. ఆ కేంద్రం నాటకానికి చేసిన మేలు చాలా ఉంది, బందా కనకలింగేశ్వరరావు గారి వంటి నటుడు అక్కడ పనిచేశారు. అయినా ఆ ఒక్క నిషేధం తగలరాని చోట తగిలింది.

మహారాష్ట్రలో ఇలా జరగలేదు. బాలగంధర్వ పాడిన నాట్యగీతాలను భీమ్‌సేన్ జోషీ, వసంతరావు దేశ్‌పాండే, జితేంద్ర అభిషేకీ వంటివాళ్లు కచ్చేరీల్లోకి తీసుకున్నారు. ఖయాల్ పాడిన గొంతే కచ్చేరీ చివర నాట్యగీతం అందుకుంటే మరాఠీ శ్రోత పొంగిపోతాడు. మన కచ్చేరీల్లో తుక్కడాల వేళ జావళి ఉంటుంది, తిల్లానా ఉంటుంది, అభంగం కూడా వచ్చి చేరింది. నాటకం పాట రాదు. ఒక్క పెద్ద విద్వాంసురాలు దానికి చోటిచ్చి ఉంటే ఈ పాటికి కథ వేరుగా ఉండేది.

అమెరికాలో ఇంకో రకంగా జరిగింది. 1982లో న్యూజెర్సీలోని సికాకస్‌లో వార్నర్ సంస్థ గిడ్డంగిలో పెట్టెలు విప్పితే గెర్ష్విన్, కెర్న్ వంటివారి నాటకం పాటల చేతిరాతలు బయటపడ్డాయి. పోయాయనుకున్న పాటలు మళ్లీ రికార్డయ్యాయి. 1994లో డాన్ అప్‌షా అనే సొప్రానో 'ఐ విష్ ఇట్ సో' పేరుతో బ్లిట్జ్‌స్టైన్, బెర్న్‌స్టైన్, వైల్, సోండ్‌హైమ్ నాటకాల నుంచి, అంతగా వినబడని పాటలు ఏరి పాడింది. ఆపెరా తెలిసిన గొంతు నాటకం పాటను పాత్రగా నిలిచి పాడితే ఎలా ఉంటుందో అందులో వినొచ్చు. మనకు సికాకస్ లాంటి గిడ్డంగి లేదు. నాటకం పుస్తకాలున్నాయి, సేకర్తల బీరువాల్లో రికార్డులున్నాయి, సురభి కుటుంబాల్లో ఇంకా కొన్ని వరసలు నోటి మీద ఉన్నాయి. వయసు మళ్లిన హార్మోనిస్టులు తెనాలి, గుడివాడ, ఏలూరు చుట్టుపక్కల దొరుకుతారు. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లాలి, ఎందుకంటే పుస్తకం ఇంకో పదేళ్లు ఆగగలదు.

ఆ ఆల్బమ్‌కు నా లెక్కలో కొన్ని షరతులున్నాయి. కీబోర్డు వద్దు. కాలి హార్మోనియం, తబలా, ఫిడేలు చాలు. రికార్డు దొరికిన పాటను రికార్డు వరసలోనే పాడాలి. కానీ మూడు నిమిషాల హద్దు లేదు కాబట్టి పల్లవిని స్టేజీ మీద తిప్పినట్టు తిప్పాలి. రికార్డు దొరకనిచోట, మట్టు పేరు మాత్రమే మిగిలినచోట, కొత్తగా వరస కట్టామని కవరు మీద దాపరికం లేకుండా రాయాలి. స్థానం వారి పాట ఒకటి తప్పక ఉండాలి, అది మీరజాలగలడా కాకుండా ఉంటే మరీ మంచిది. మైలవరం కంపెనీ పాటలు కనీసం మూడు ఉండాలి. గాయని కర్ణాటక సంగీతం నేర్చిన మనిషై, నాలుగు నాటకాల్లో ముఖానికి రంగు వేసుకున్నదైతే నేను వెతుకుతున్న గొంతు ఆమెదే. రచయిత పేరుతో పాటు బాణీ కట్టిన హార్మోనిస్టు పేరు తెలిస్తే అదీ అచ్చు వేయాలి. తొలి ప్రదర్శన విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో పెట్టినా సరే, మలిది మైలవరంలో పెట్టాలి. మైకు లేకుండా.