తలుపుకి అడ్డంగా చాప

మతిమరుపు జబ్బు మనిషిని ఫొటో తియ్యడం మహా సులువు. ముడతల మొహం, కిటికీ వెలుగు, ఎటో చూస్తున్న కళ్లు. నేనూ అలాంటివి మెచ్చుకున్నవాణ్ణే. డాక్టర్ అల్జీమర్ పరీక్షించిన అగస్టె డెటర్‌కి 1902లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో తీసిన ఫొటో ఇవాళ్టికీ ఉంది. ఆవిడకి ఆ గది ఎలా కనబడేదో మాత్రం ఎవరూ తియ్యలేదు.

1990లలో కెరోలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ అనే ఇద్దరు చైనాలోని యునాన్ పల్లెల్లో ఆడవాళ్ల చేతికే కెమెరాలిచ్చారు. తీసిన బొమ్మలు ముందేసుకుని, ఇదెందుకు తీశావని మాట్లాడించారు. ఫొటోవాయిస్ అన్నారు దాన్ని. తర్వాత ఈ జబ్బున్నవాళ్లతోనూ, వాళ్లని చూసుకునేవాళ్లతోనూ ఇదే పని చేశారు. బొమ్మ బాగా వచ్చిందా లేదా అన్నది అక్కడ లెక్కలోకే రాదు. మాలాంటి ఫొటోల పిచ్చివాళ్లకి మింగుడుపడని సంగతి.

చీపురుపల్లి దగ్గర, ఇదే జబ్బున్న మా పిన్ని ఇంట్లో, ఫోన్ ఆవిడ చేతికిచ్చి చూశాం. చాలావాటిలో ఆవిడ వేళ్లే. మిగిలినవన్నీ నేలవి: తళతళలాడే కొత్త టైల్స్, గుమ్మం ముందు నల్ల రబ్బరు పట్టా. "గొయ్యి. కప్పెట్టరేటి?" అంది. ఈ జబ్బులో నల్లటి పట్టా గుంతలా, మెరిసే నేల తడిగా కనిపించడం డాక్టర్లు ఎరిగినదే. ఆవిడ గోడ పట్టుకుని చుట్టూ తిరిగి వెళ్లేది అందుకన్నమాట. మేం మొండితనం అనుకున్నాం. పాత పెంకుటింట్లో పసుపు రాసిన గడప ఎంత మసకలోనైనా కనబడేది.

పట్టా తీసేశాం. టైల్స్ తియ్యలేం కదా!

హైదరాబాద్‌లో ఉన్న పెద్దకొడుకు హాల్లో సీసీ కెమెరా పెట్టించాడు. అమ్మ భద్రంగా ఉందని దాంట్లో చూసుకుంటాడు. పైమూల నుంచి చూస్తే ఏ ఇల్లయినా భద్రంగానే ఉంటుంది. చిన్నకోడలు తీసిన ఫొటోలు వేరు. రెగ్యులేటర్ తీసేసిన గ్యాస్ బండ, నూతి మీద వేసిన ఇనప జాలీ, వీధి తలుపుకి అడ్డంగా పరిచిన చాప, పక్కనే సిద్ధంగా చెప్పులు. "రేత్తిరి ఇక్కడే తొంగుంటాను బావగారూ. ఆవిడ ఎల్లాలంటే నన్ను తొక్కాల."

పొద్దుగూకితే చాలు, పిన్ని ఇంట్లోనే ఉండి "మా ఇంటికెల్పోతాను" అంటుంది. గొళ్లెం పెడితే కేకలు. అరుగు మీద కాసేపు పక్కన ఎవరైనా కూర్చుంటే తగ్గుతుంది. ఆ ఎవరైనా ఎవరన్నదే తగువు.

మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా అనే ఈ జబ్బు ఉందని 2023లో అంచనా కట్టారు. ఇంతమంది గుమ్మాల దగ్గర రాత్రిళ్లు ఎవరు పడుకుంటున్నారో!

పిన్ని మొహం కనబడే ఫొటోలు ఎవరికీ పంపకూడదనుకున్నాం, ఒక్కటి తప్ప. ఈమధ్య తీసిన నిలువెత్తు ఫొటో, రోజూ కట్టే నేతచీరలో. తప్పిపోతే పోలీసులకి అదే పనికొస్తుంది. పెళ్లి ఆల్బంలో పట్టుచీర ఫొటోతో వీధిలో మనిషిని ఎవరు గుర్తుపడతారు?

చాప ఫొటో మాత్రం కోడలే ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. మొదట రెండు చేతుల దణ్ణాలొచ్చాయి. మర్నాడు పెద్దకొడుకు ఫోన్ చేసి, సెలవు పెట్టి పది రోజులు వచ్చి ఉంటానన్నాడు. కోడలు తేదీ అడిగింది.