చప్పట్లూ ఒక పనిముట్టే

ఆటగాళ్ళకు హుషారు పుట్టించే విద్యార్థి జట్లకు అమెరికా కాలేజీల్లో వందేళ్ళు దాటిన చరిత్ర ఉంది. 1898 నవంబరులో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జానీ క్యాంప్‌బెల్ అనే విద్యార్థి ప్రేక్షకుల ముందు నిలబడి కేకలు వేయించాడు. ఆ సంప్రదాయం అక్కడే మొదలైందంటారు. మన ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో అలాంటి జట్లు పెద్దగా కనిపించవు. క్రికెట్ మ్యాచ్ జరిగితే ఎవరికి తోచిన ఈల వాళ్ళు వేస్తారు. అయితే పదుల మందిని ఒకే లయ మీదికి తెచ్చే విద్య మన పిల్లలకూ తెలుసు. దాన్ని చూడాలంటే నెల్లూరు తీరంలోని ఏ పట్టపుపాలెంలోనో, అంటే జాలర్ల ఊళ్ళో, జాతీయ సేవా పథకం శిబిరం నడిచేటప్పుడు వెళ్ళాలి. అందరి నోటా అది ఎన్నెస్సెస్ క్యాంపు.

గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న ఈ పథకం మొదలైంది. అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో దీన్ని ఆరంభించారు. నినాదం ‘నేను కాదు, మీరు’. చిహ్నం కోణార్క సూర్యదేవాలయపు రథచక్రం. వాలంటీరు రెండేళ్ళలో 240 గంటలు సేవ చెయ్యాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొనాలి. కాలేజీలో దీనికి తోడు రెడ్ రిబ్బన్ క్లబ్బు, ఎకో క్లబ్బు, యూత్ రెడ్‌క్రాస్ ఉంటాయి. పేర్లు వేరైనా చాలాచోట్ల వాటన్నిటిలో కనిపించేది ఆ పిల్లలే.

శిబిరంలో మొదట నేర్పేది చప్పట్లు. రెండు, మూడు, నాలుగు, మళ్ళీ రెండు: ఎక్కువగా వినిపించే వరస ఇదే. చూడ్డానికి ఆటలా ఉంటుంది గానీ దానితో జరిగే పనులు చాలా ఉన్నాయి. చెల్లాచెదురుగా ఉన్నవాళ్ళను పేరుపేరునా పిలవకుండా ఒకచోటికి చేరుస్తుంది. మాట్లాడ్డానికి లేచి గొంతు పెగలని పిల్లకు కాస్త వ్యవధి ఇస్తుంది. ఎండలో మట్టి మోసి డస్సిపోయిన జట్టును మళ్ళీ లేపుతుంది. తెలివైన లీడరు దాన్ని పొదుపుగా వాడతాడు. అయినదానికీ కానిదానికీ కొట్టిస్తే మధ్యాహ్నానికల్లా ఆ చప్పట్లకు విలువ పోతుంది.

ఊరేగింపులో నినాదానిది ఇంకో పద్ధతి. నినాదాన్ని రెండు ముక్కలు చేస్తారు. మొదటి ముక్క చెప్పేవాడిది, రెండోది అందరిదీ. ‘ప్లాస్టిక్ వద్దు’ అని ఒకరంటే ‘గుడ్డసంచి ముద్దు’ అని జట్టంతా అందుకుంటుంది. రెండో ముక్క పొట్టిగా, ప్రాసతో ఉంటే మొదటిసారి విన్న పిల్లలు కూడా పట్టేస్తారు. చెప్పేవాడు వరసకు ముందు నిలబడితే గొంతు వెనకదాకా పోదు, అందుకే నడిమిలో ఉండాలి. సముద్రపు గాలి ఎదురుకొట్టే వీధుల్లో అయితే గాలి వచ్చే వైపు నుంచి ఊళ్ళోకి నడవాలి. అప్పుడు మాటను గాలే మోసుకుపోతుంది. పాలెం వాళ్ళకు ఇదేం కొత్త కాదు. ఒడ్డున అలివి వల లాగేటప్పుడు ఒకరి కేకకు అందరూ బదులిస్తూ ఒక్కసారిగా బరువు వేస్తారు. కేక తప్పితే తాడు బిగువు తప్పుతుంది.

శ్రమదానంలోనూ ఆ లయే. కాలవ పూడిక తీసేటప్పుడు తట్టలు పట్టుకుని అందరూ అటూ ఇటూ తిరిగితే సగం శక్తి నడకకే పోతుంది. ఎదురెదురుగా ముఖాలు పెట్టి వరసగా నిలబడి, చేతి నుంచి చేతికి తట్ట అందించుకుంటే అడుగు కదలకుండా మట్టి గట్టెక్కుతుంది. లెక్క పలకడానికి ఒకరుంటారు. కాసేపటికోసారి వరస చివరివాళ్ళను మధ్యకు మారుస్తారు. చివర పారపట్టినవాడికే నడుము నొప్పి మిగలకూడదు కదా. వంట, ఊడ్పు, సాయంత్రపు కార్యక్రమం కూడా జట్ల వారీగా రోజుకొకరికి మారతాయి. ఇంట్లో గ్లాసు కడగని అబ్బాయి ఇక్కడ అన్నం గుండిగ తోముతాడు.

అన్నిటికన్నా కష్టమైనది వేళ కుదుర్చుకోవడం. పడవలు తెల్లారకముందే పోతాయి. చేపలమ్మే ఆడవాళ్ళు పొద్దున్నే గంపలతో బయల్దేరతారు. పదిగంటలకు సర్వే కాగితాలు పట్టుకుని వెళ్ళే కాలేజీ పిల్లకాయలకు మూసిన తలుపులే ఎదురవుతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అప్పుడు మగవాళ్ళు ఊళ్ళోనే ఉంటారు గానీ పిల్లలకు పరీక్షలు, సెలవులు. కాబట్టి పాలెం పెద్దల్ని ముందే కలిసి, వాళ్ళ సందెవేళకు మన టైంటేబులు జరుపుకోవాలి. అది తెలిసిన ప్రోగ్రాం ఆఫీసరుంటే శిబిరం సగం గెలిచినట్టే.

ఈ తీరానికి ఇదంతా ఎందుకు? 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుఫాను, 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఈ ఊళ్ళకు గుర్తే. అలాంటి రోజున షెల్టరుకు జనాన్ని నడిపించాలన్నా, అన్నం పొట్లాలు వరసలో అందించాలన్నా కావాల్సింది సరిగ్గా ఈ విద్యే: ఒక గొంతు వినడం, వరస తప్పకపోవడం, అలిసినవాడి చోటు అడక్కుండానే అందుకోవడం. రక్తదానం చేసే వయసొచ్చిన కుర్రాళ్ళ బ్లడ్ గ్రూపుల జాబితా తయారుగా ఉన్న కాలేజీ, ఆసుపత్రి నుంచి అర్ధరాత్రి ఫోనొచ్చినా తడబడదు.

బ్యానరు కట్టి, చీపురు పట్టి, ఫొటో దిగి బస్సెక్కే శిబిరాలూ ఉన్నాయి. గంటలు రిజిస్టరులో నిండుతాయి, సర్టిఫికెట్లూ వస్తాయి. చప్పట్లు అక్కడా గట్టిగానే మోగుతాయి. పిల్లల్లో ఉత్సాహానికి లోటు లేదు. దానికి నిలకడైన చోటు చూపించకపోవడమే లోపం. ఏటా ఒక కొత్త ఊరికి పోవడం మాని, ఒకే పాలేన్ని దత్తత తీసుకుని మూడునాలుగేళ్ళు వదలకుండా వెళ్ళాలి. నిరుడు తవ్విన కాలవను ఈ ఏడు వాళ్ళ తమ్ముళ్ళు చూడాలి, పూడిందో పారుతోందో లెక్క రాయాలి. కాలేజీ క్లబ్బుల పనిని తూచేవాళ్ళు కార్యక్రమాలెన్ని అని అడగడం ఆపి, ఆ లెక్క చూపించమని అడగాలి.