ఆఖరోవరు ఎవరి చేతికి?

ఐపీఎల్ నడిచే రోజుల్లో కడప ఏడు రోడ్ల కూడలి దగ్గర గానీ, కర్నూలు రాజ్‌విహార్ సెంటర్లో గానీ మ్యాచ్ అయిపోయినాక టీ అంగడి ముందర కాసేపు నిలబడితే చాలు, ఈ వాదన చెవిన పడుతుంది.

"వానికి మళ్ళీ పంతొమ్మిదో ఓవరు ఎట్లిచ్చినారన్నా? పోయిన మ్యాచ్ కూడా వాడే పోగొట్టినాడు కదా!"

"వాడు కాకుంటే ఇంకెవరుండారప్పా ఆ టీములో? చెప్పు, పేరు చెప్పు."

ఈ వాదనలంటే నాకు చాలా ఇష్టం. తిట్టడానికే అయినా ఒక బౌలరు వేసిన నాలుగు ఓవర్లనూ బంతి బంతిగా గుర్తుపెట్టుకున్న మనిషి ఆటను ప్రేమించేవాడే. అయితే వాదన ఎక్కడ పక్కదారి పడుతుందో కూడా ఇన్నేళ్లుగా వింటూ ఉన్నాను. "వానికి ఆ అర్హత ఉందా?" అని మొదలుపెడతాం. అర్హత నిన్నటి లెక్క. కెప్టెన్ చేతిలో ఉన్నది మాత్రం ఇప్పటి ఆరు బంతులు. ఉన్నవాళ్లలో ఈ ఆరు బంతులు ఎవరు బాగా వేయగలరు అన్నదే అతని ప్రశ్న. టీ అంగడి దగ్గర రెండో మనిషి అడిగింది అదే. నా ఓటు అతనికే.

ఆఖరి ఓవర్ల పని ఎంత ఇరుకైనదో వేసి చూసినవాళ్లకు తెలుసు. పిచ్ పొడవు 22 గజాలు. యార్కర్ పడాల్సింది బ్యాటరు కాలి వేళ్ల దగ్గర. జానెడు ముందుకు పోతే ఫుల్‌టాస్, జానెడు వెనక పడితే బ్యాటు కిందికి చక్కగా వచ్చే హాఫ్‌వాలీ. పైగా బ్యాటరు క్రీజులో లోపలికి జరిగితే ఆ చోటు కూడా అతనితోపాటే జరుగుతుంది. మా పక్క ఎండాకాలం మైదానాలు ఎండి బండబారి ఉంటాయి. టెన్నిస్ బంతిని పొట్టిగా వేస్తే నడుమెత్తు లేచి బ్యాటు మీదికే పోతుంది. అందుకే ఇక్కడి పిల్లలు నేల మీద చెప్పు పెట్టుకుని దానికి గురి చూసి వేస్తూ యార్కర్ నేర్చుకుంటారు. మధ్యాహ్నం ఎండలో, చెమట చేతులతో, పదిసార్లలో ఆరుసార్లు చెప్పుకు తగిలించే పిల్లవాడు కనిపిస్తే నాకు వాని పేరు కనుక్కోవాలనిపిస్తుంది. మిగతా నాలుగూ సిక్సర్లు పోవచ్చు. మ్యాచ్ అయినాక అందరికీ గుర్తుండేవి ఆ నాలుగే.

ఇంకో చిక్కు అంకెలది. టీ20లో చివరి నాలుగు ఓవర్లలో ఓవరుకు పది పరుగులిచ్చినవాడు చాలాసార్లు మంచి పనే చేసినట్టు. తొమ్మిదో ఓవరులో, అయిదుగురు ఫీల్డర్లు బయట కాచుకుని ఉండగా పది ఇస్తే అది చెడ్డ ఓవరు. ఎకానమీ పట్టిక ఈ ఇద్దరినీ ఒకే గాటన కడుతుంది. మనం ఆ పట్టిక చూపించుకుంటూ కొట్లాడుకుంటాం.

అమెరికా బేస్‌బాల్‌లో ఈ పనికి విడిగా ఒక మనిషే ఉంటాడు, క్లోజర్ అంటారు. జట్టు కొద్ది పరుగుల ఆధిక్యంలో ఉన్నప్పుడు ఆఖరి ఇన్నింగ్స్‌లో దిగి గెలుపును నిలబెడితే అతని ఖాతాలో ఒక 'సేవ్' పడుతుంది. 1969 నుంచి అది అధికారిక లెక్క. నన్ను ఆకట్టుకున్నది మాత్రం మరో నియమం. ముందు పిచర్, అంటే బంతి వేసేవాడు, బేసుల మీద వదిలిపోయిన రన్నర్లు, కొత్త పిచర్ వచ్చినాక హోమ్ బేసుకు చేరి పరుగు తీసినా, ఆ పరుగులు ముందువాడి ఖాతాకే పోతాయి. వచ్చినవాడు ఎందరిని ఆపాడు, ఎందరిని వదిలాడు అన్నది విడిగా రాస్తారు. ఎవడు తెచ్చిన కష్టం వాడి పేరున ఉంటుంది. మన క్రికెట్ స్కోరు పుస్తకంలో ఆ న్యాయం లేదు. పదిహేడో ఓవరులో ఒకడు ఇరవై రెండు ఇచ్చిపోతాడు, ఆఖరోవరులో ఎనిమిది కాపాడలేకపోయినవాడు ఊరందరి నోట్లో పడతాడు. న్యూయార్క్ యాంకీస్ క్లోజర్ మారియానో రివేరా 2001 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌ను, అంతకంటే పెద్ద మ్యాచ్ లేని చోట, ఆఖరి ఇన్నింగ్స్‌లో అరిజోనాకు వదులుకున్నాడు. యాంకీస్ ఆ పనిని అతని దగ్గర్నుంచి తీసెయ్యలేదు. 652 సేవ్‌లతో ఆట ముగించాడు. 2019లో ఒక్క ఓటూ పోకుండా హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికైన మొదటి ఆటగాడు అతనే.

మనకూ అలాంటివాళ్లున్నారు. మా పెద్దవాళ్లు 1986 షార్జాను ఇప్పటికీ మరిచిపోలేదు, ఆఖరి బంతికి పాకిస్తాన్ మియాందాద్ సిక్సర్. వేసిన చేతన్ శర్మ మరుసటి ఏడాదే నాగపూర్‌లో న్యూజిలాండ్ మీద ప్రపంచకప్‌లో తొలి హ్యాట్రిక్ తీశాడన్న సంగతి గుర్తుచేస్తే, "అవునా!" అంటారు.

ఇప్పటి వాదనల్లో మాత్రం సిరాజ్ పేరు రాని రోజు ఉండదు. హైదరాబాదు పిల్లవాడు, మనవాడు. 2025 జనవరిలో చాంపియన్స్ ట్రోఫీ జట్టులో అతని పేరు లేదు. కొత్త బంతి చేతికి రాకపోతే అతని పదును తగ్గుతుందని, చివరి ఓవర్లు వేయగల అర్ష్‌దీప్ కావాలనుకున్నామని కెప్టెన్ రోహిత్ శర్మ చెప్పాడు. ఇక్కడ అది సిరాజ్‌ను చిన్నచూపు చూసినట్టే వినబడింది. నాకూ కష్టమనిపించింది. పాత బంతితో కూడా తన లెక్కలు బాగున్నాయని సిరాజ్ తర్వాత జవాబు చెప్పాడు. అయినా రోహిత్ మాట్లాడింది పని గురించి, మనిషి విలువ గురించి కాదు. ఆ ట్రోఫీ మనకే వచ్చింది.

అదే ఏడాది ఆగస్టులో ఇంగ్లండ్ మీద ఓవల్ టెస్టు. 374 ఛేదనలో నాలుగో రోజు హ్యారీ బ్రూక్ 19 దగ్గర కొట్టిన బంతిని సిరాజ్ బౌండరీ దగ్గర పట్టి, కాలు తాడు మీద వేశాడు. బ్రూక్ 111 చేశాడు. ఆ రాత్రి మన అంగళ్ల ముందర ఏం మాట్లాడుకున్నారో వేరే చెప్పాలా? ఆగస్టు 4 పొద్దున ఇంగ్లండ్‌కు కావాల్సింది 35 పరుగులు, చేతిలో 4 వికెట్లు. సిరీస్‌లో అయిదు టెస్టులూ ఆడి అలిసిపోయిన అదే మనిషి చేతికి బంతి ఇచ్చారు. ఆరు పరుగుల తేడాతో గెలిచాం. ఆఖరి వికెట్ యార్కర్‌తో అట్కిన్సన్ బౌల్డ్. రెండో ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు, సిరీస్‌లో 23. దీంతో జనవరి మాట తప్పని తేలిపోయిందని వాదించేవాళ్లతో మాత్రం నేను కలవను. టెస్టు ఎర్ర బంతి వేరు, యాభై ఓవర్ల తెల్ల బంతి వేరు. ఓవల్‌లో తేలింది ఒక్కటే. ముందురోజు తప్పును ముందురోజుకే వదిలేసి, ఆ పొద్దున ఎవరి చేయి సరిగ్గా ఉందో చూసి బంతి ఇచ్చారు.

మా కడప బిడ్డ శ్రీచరణి సంగతి ఇంకా దగ్గరిది. వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె నుంచి పోయి ఎడమచేతి స్పిన్‌తో 2025 మహిళల ప్రపంచకప్ గెలిచిన జట్టులో నిలిచింది. అక్టోబరు 19న ఇండోర్‌లో ఇంగ్లండ్ మీద పదోవర్లలో 68 పరుగులిచ్చింది. మనం 4 పరుగులతో ఓడిపోయాం. గెలుపు నిజానికి ఛేదనలో చేజారింది, కానీ 68 అంకె కళ్ల ముందర నిలుస్తుంది. అక్టోబరు 30న సెమీఫైనల్‌లో ఆస్ట్రేలియా 338 కొట్టిన ఇన్నింగ్స్‌లో ఆమె పదోవర్లకు 49 ఇచ్చి 2 వికెట్లు తీసింది. చుట్టూ బంతులు గోడలు దాటుతుంటే ఓవరుకు అయిదు కూడా ఇవ్వలేదు! కెప్టెన్ హర్మన్‌ప్రీత్ ఆ 68ని చూసి ఆమె కోటా కోసి ఉంటే ఆ 338 ఎంత అయ్యేదో. టోర్నీ ముగిసేసరికి ఆమె వికెట్లు 14.

అలాగని ఓపిక పేరుతో ఎవరినైనా అదే ఓవరులో ఉంచేయమని నేననను. యార్కర్ తప్పడం ఒక రోజు జరిగితే అది ఆట, వరసగా జరుగుతుంటే చేయి పట్టు తప్పుతోందని అర్థం. వాణ్ణి పన్నెండో ఓవరుకు మార్చడం, కొత్త బంతి ఇచ్చి చూడడం శిక్ష కాదు. మనం దాన్ని శిక్షలా మాట్లాడతాం కాబట్టి కెప్టెన్లు మార్చడానికి భయపడతారు, బౌలర్లు మారడానికి సిగ్గుపడతారు.

కర్నూలు, కడప జిల్లాల్లో సంక్రాంతికీ ఎండాకాలానికీ టోర్నీలు పెట్టే పెద్దలకు ఒక విన్నపం. స్కోరు రాసే పిల్లవాని చేతికి ఇంకో కాగితం ఇవ్వండి. చివరి నాలుగు ఓవర్లలో ఒక ఓవరు వేసినవాని చేతికి బంతి వచ్చేసరికి ఎన్ని బంతులకు ఎన్ని పరుగులు కావాలి, అతను వేసిన ఆరింటిలో కాళ్ల దగ్గర పడినవి ఎన్ని, క్యాచ్‌లు ఎన్ని జారినాయి, ఇవి రాయించండి. నాలుగు మ్యాచ్‌ల కాగితాలు ముందర పెట్టుకుని అప్పుడు అన్నలందరూ కూర్చుని వాదించండి. మార్చాలని తేలితే ఆ మాట మొదట ఆ బౌలరుకే చెప్పండి, మ్యాచ్ ముందురోజే, ఏ ఓవరు ఇస్తున్నారో కూడా కలిపి.